కాపీ కొట్టిన కంప్యూటరు

మొదటి సంవత్సరంలో మా బెంచీలో ఒక తమాషా జరిగింది. నా పక్కన కూర్చునే మిత్రుడు ఫిజిక్సు రికార్డు రాయడానికి బద్ధకించి, హాస్టల్లో ఎవరో వదిలేసి వెళ్ళిన పాత రికార్డు సంపాదించి రాత్రికి రాత్రే పని ముగించాడు. లోలకం పొడవులు, డోలనాల కాలాలు, గ్రాఫులో గీత తప్పిన చుక్కతో సహా ఒక్కటి వదలకుండా దించేశాడు. మర్నాడు లెక్చరరుగారు పేజీలన్నీ తిరగేసి, మళ్ళీ మొదటి పేజీకి వచ్చి, "నువ్వు పోయినేడే పాసై వెళ్ళిపోయావు కదయ్యా, మళ్ళీ ఎందుకొచ్చావు?" అన్నారు. తీరా చూస్తే మావాడు ఆ సీనియరు రోల్ నంబరు కూడా దించేశాడు! క్లాసంతా గొల్లుమంది. అందరికంటే ఎక్కువ నవ్వినవాణ్ణి నేనే.

ఆ నవ్వుకు జరిమానా ఈ సంవత్సరం కట్టాను. అదెలాగో చెప్పడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. కంప్యూటర్ సైన్సు చదవని మిత్రులు పేజీ తిప్పేయవద్దని మనవి. ఇందులో కంప్యూటరు సగమే, మిగతా సగం అందరికీ తెలిసిన సంగతే.

మా లేబులో ప్రాక్టికల్ పరీక్షల కోసం ఒక సర్వరు ఉంది. సర్వరు అనగానే ఏదో బీరువా అంత యంత్రం అనుకునేరు. ఒక మామూలు పీసీలో వర్చువల్‌బాక్స్ అనే సాఫ్టువేరు కల్పించిన మాయ యంత్రం అది. లేని డిస్కును, లేని నెట్‌వర్క్ కార్డును ఉన్నట్టే చూపిస్తే, లినక్స్ నమ్మి దానిమీద ఎక్కి కూర్చుంటుంది. మాది సెంటోస్ 6. అది 2011లో విడుదలైంది. 2020 నవంబరు 30తో దానికి మరమ్మతులు రావడం కూడా ఆగిపోయింది. మరి ఇంకా ఎందుకు పట్టుకుని వేలాడుతున్నారంటే, విద్యార్థులు రాసిన ప్రోగ్రాములను నడిపి చూసి మార్కులు వేసే సాఫ్టువేరును ఎప్పుడో ఒక పూర్వ విద్యార్థి దానిమీద రాసిపెట్టి వెళ్ళాడు. అది ఇంకెక్కడ పెట్టినా నడవదు. మరమ్మతులు లేని యంత్రం కాబట్టి బయటి ప్రపంచంతో సంబంధం లేకుండా చుట్టూ ఒక ఫైర్‌వాల్ కంచె కట్టి ఉంచారు.

నలభైమంది ఒకేసారి ఎక్కితే ఆ సర్వరు ముక్కుతూ మూలుగుతూ నడిచేది. ఈసారి సెకండియరు పరీక్షలకు ముందు లేబుకు ఒక కొత్త పీసీ వచ్చింది. లేబు చూసే సార్ గురువారం మమ్మల్ని, అంటే నన్నూ పై చెప్పిన రికార్డు మిత్రుణ్ణీ పిలిచి, "సోమవారం పరీక్ష. దీన్ని నాలుగు కాపీలు చేసి కొత్తదాంట్లో పెట్టండి. ఒక్కోదానికి పదిమంది. చెయ్యగలరా?" అన్నారు.

"దానికేముంది సార్, గంటలో పని" అన్నాను నేను. ఈ మాట జ్ఞాపకం పెట్టుకోండి.

నిజంగానే కాపీ తీయడం గంట పని కూడా కాదు. వర్చువల్‌బాక్సులో 'క్లోన్' అనే మాట మీద నొక్కితే చాలు. మధ్యలో ఒక ప్రశ్న అడుగుతుంది: నెట్‌వర్క్ కార్డుకు కొత్త మ్యాక్ అడ్రసు ఇవ్వనా, పాతదే ఉంచనా? ప్రతి నెట్‌వర్క్ కార్డుకూ పుట్టుకతో వచ్చే నంబరు మ్యాక్ అడ్రసు. 48 బిట్లు, రెండేసి చొప్పున ఆరు జతలుగా రాస్తారు. మొదటి మూడు జతలు ఐట్రిపుల్ఈ అనే సంస్థ ఆయా కంపెనీలకు కేటాయించేవి, చివరి మూడు కంపెనీ వేసుకునేవి. వర్చువల్‌బాక్స్ మాయ కార్డుల నంబర్లు మామూలుగా 08:00:27తో మొదలవుతాయి. ఒకే నెట్‌వర్కులో రెండు యంత్రాలకు ఒకే నంబరు ఉంటే మధ్యలో ఉండే స్విచ్చికి మతి పోతుంది. ఏ నంబరు ఏ వైపు ఉందో అది పట్టిక రాసుకుంటుంది. ఒకే నంబరు రెండు వైపులనుంచీ పలికితే ఆ పట్టిక అటూ ఇటూ మారుతూనే ఉంటుంది. ఇంత తెలిసినవాణ్ణి కాబట్టి దర్జాగా 'కొత్తది ఇవ్వు' అన్నాను.

మొదటి కాపీ లేచింది. లాగిన్ వచ్చింది. ఫైళ్ళన్నీ ఉన్నాయి, ప్రోగ్రాములన్నీ ఉన్నాయి. నెట్‌వర్కు మాత్రం లేదు. తెరమీద ఇంగ్లీషులో ఒక వాక్యం కనిపించింది. దాని భావం ఇది: ఈత్0 అనే పరికరం ఇక్కడ ఉన్నట్టు కనపడటం లేదు.

ఆ వాక్యాన్ని నేను పైకి చదువుతుంటే, తలుపు దగ్గర తాళాలు పట్టుకుని నిలబడ్డ అటెండరుగారు, "ఈతేమిటి బాబూ? నీళ్ళల్లో గాని పడిందా?" అన్నారు. నవ్వుకున్నాంగానీ, అప్పటికి మేము నిజంగా నీళ్ళల్లోనే ఉన్నాం.

ఈ ఈత్ అనే మాట వెనక మా ఫిజిక్సు వాళ్ళకు నచ్చే కథ ఒకటుంది. 1973లో అమెరికాలోని జెరాక్స్ కంపెనీ పాలో ఆల్టో పరిశోధనాలయంలో బాబ్ మెట్‌కాఫ్ అనే ఆయన కంప్యూటర్లను కలిపే ఒక పద్ధతికి ఈథర్‌నెట్ అని పేరు పెట్టాడు. వెలుతురు ప్రయాణించడానికి విశ్వమంతా నిండి ఉన్నదని 19వ శతాబ్దపు శాస్త్రజ్ఞులు నమ్మిన ఈథర్ పేరే అది. 1887లో మైకెల్సన్, మోర్లే ఎంత వెతికినా ఆ ఈథర్ జాడ దొరకలేదు. దొరకని వస్తువు పేరు కంప్యూటర్లకు వచ్చింది. అందులోంచి మొదటి ముక్క విరిచి లినక్స్ వాళ్ళు కార్డులకు ఈత్0, ఈత్1 అని సున్నా నుంచి వరసపెట్టి పేర్లు పెట్టారు. మా తెరమీద ఈథర్ మళ్ళీ ఒకసారి దొరక్కుండా పోయింది, అంతే.

'కార్డులన్నీ చూపించు' అని అడిగితే ఒక కార్డు కనిపించింది. కానీ దాని పేరు ఈత్1. సున్నా లేకుండా ఒకటి ఎలా వచ్చిందో ఆ రాత్రి నాకు అర్థం కాలేదు. అర్థం చేసుకోవాలనే ఓపికా లేదు. "పేరుదేముందిరా, ఒకటైతే ఒకటే" అనుకుని, సెట్టింగుల ఫైలులో ఈత్0 అన్నచోట ఈత్1 అని రాసి, పాత మ్యాక్ అడ్రసు కొట్టేసి కొత్తది పెట్టాను. నెట్‌వర్కు వచ్చేసింది! మిత్రుడు భుజం తట్టాడు.

ఆ ఉత్సాహంలో ఇంకో తెలివి తక్కువ పని చేశాను. బాగుచేసిన కాపీ చేతిలో ఉండగా మళ్ళీ అసలుదాని జోలికెందుకని, మొదటి కాపీనుంచి రెండోది, రెండోదాన్నుంచి మూడోది, మూడోదాన్నుంచి నాలుగోది తీశాను. రెండోదానిలో కార్డు పేరు ఈత్2 అయింది. మూడోదానిలో ఈత్3. నాలుగోదానిలో ఈత్4. "మనవలు పుడుతున్నార్రా" అన్నాడు మిత్రుడు. ఒక్కోదానిలో ఒక్కో పేరు దిద్దుకుంటూ పోయాను. శుక్రవారం సాయంత్రానికి నాలుగూ పలికాయి. సార్ దగ్గరికి వెళ్ళి "అంతా ఓకే సార్" అన్నాను. రెండోసారి జ్ఞాపకం పెట్టుకోవలసిన మాట ఇది.

శనివారం మధ్యాహ్నం సెకండియరు వాళ్ళకు నమూనా పరీక్ష పెట్టాం. అంతా సవ్యంగా జరిగింది. అందరూ వెళ్ళిపోయాక ఒక జూనియరు అమ్మాయి ఆగి, మెల్లగా, "అన్నా, ఇందులోంచి ఇంటర్నెట్ వస్తోంది. సోమవారం కూడా వస్తుందా?" అని అడిగింది.

నా గుండె ఝల్లుమంది. కంచె ఏమైంది?

వెళ్ళి చూస్తే కంచె ఎక్కడికీ పోలేదు. ఆ పూర్వ విద్యార్థి రాసిన సూత్రాలు నాలుగు సర్వర్లలోనూ చెక్కు చెదరకుండా ఉన్నాయి. 'ఈత్0 గుండా బయటికి వెళ్ళేవన్నీ ఆపు' అని వాటి సారాంశం. ఈత్0 అన్నదే లేనప్పుడు ఆపేదేముంది? అంతా ఈత్1, ఈత్2, ఈత్3, ఈత్4 గుండా హాయిగా బయటికి పోతోంది. విచిత్రం ఏమిటంటే, లేని పేరుమీద సూత్రం రాసినా ఫైర్‌వాల్ కిక్కురుమనదు. పాపం, ఎప్పుడైనా ఆ పేరుగల కార్డు వస్తుందేమోనని కాపలా కాస్తూ కూర్చుంటుంది. గురువారం నెట్‌వర్కు రాకపోవడం కనీసం అరిచి చెప్పిన తప్పు. ఇది నోరు మెదపని తప్పు. ఆ అమ్మాయి నిజాయితీగా అడిగింది కాబట్టి సరిపోయింది. అడక్కుండా ఊరుకుని ఉంటే సోమవారం పరీక్ష పరీక్ష కాదు.

"నాలుగింట్లోనూ వెళ్ళి పేరు మార్చేద్దాం. పది నిమిషాలు. సార్‌కి చెప్పడమెందుకు?" అన్నాడు మిత్రుడు.

నేను కూడా అదే అనుకున్నానని ఒప్పుకోవాలి. వెళ్ళి కూర్చున్నాను కూడా. కానీ చేతులు ఆడలేదు. నీతి గుర్తొచ్చి కాదు, భయం వేసి. ఈత్0 అనే మాట ఇంకా ఎన్నిచోట్ల రాసి ఉందో నాకేం తెలుసు? గురువారం రాత్రి పేరు మార్చినప్పుడు ఒక్క చోట మార్చి అంతా అయిపోయిందనుకున్నాను. ఇప్పుడు రెండోచోట మార్చి మళ్ళీ "అంతా ఓకే" అనమంటే నోరు రాలేదు. చివరికి సార్‌కు ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. అటుపక్క కొంచెంసేపు నిశ్శబ్దం. తర్వాత, "రేపు తొమ్మిదింటికి లేబుకు రా. నేనూ వస్తాను" అన్నారు.

ఆదివారం సార్ వచ్చీ రాగానే చేయించిన మొదటి పని, డిస్కు మొత్తం గాలించి ఈత్0 అన్న అక్షరాలు ఎక్కడెక్కడ ఉన్నాయో జాబితా తీయడం. ఫైర్‌వాల్ సరే. దానితోపాటు ఇంకొకటి బయటపడింది. పరీక్ష అయ్యాక మార్కుల ఫైలుకు పేరు పెట్టే స్క్రిప్టు ఈత్0 దగ్గరున్న ఐపీ అడ్రసు చదివి, దాన్నే ఫైలు పేరుగా పెడుతుంది. ఈత్0 లేకపోతే అడ్రసు ఖాళీ. నాలుగు సర్వర్ల మార్కుల ఫైళ్ళకూ ఒకే పేరు. వాటిని తెచ్చి ఒక ఫోల్డరులో పెట్టగానే ఒకదానిమీద ఒకటి పడి చివరిదే మిగులుతుంది. నలభైమందిలో ముప్ఫైమంది మార్కులు మాయమయ్యేవి. ఆ జాబితా చూసి మిత్రుడు నావైపు చూశాడు. నేను నేలవైపు చూశాను.

సార్ కోప్పడలేదు. "అసలు సున్నా ఏమైంది? అది ముందు చెప్పు" అన్నారు. అప్పుడు కూర్చుని, గురువారం చదవవలసింది ఆదివారం చదివాను.

సంగతి ఇది. పూర్వం లినక్స్ ఏ కార్డు ముందు కనిపిస్తే దానికి సున్నా, తర్వాత కనిపించినదానికి ఒకటి అని పేరు పెట్టేది. ఒకే కార్డు ఉన్నంతకాలం ఇబ్బంది లేదు. రెండున్నచోట, యంత్రం లేచేటప్పుడు ఒకరోజు ఇది ముందు, ఇంకోరోజు అది ముందు కనిపించవచ్చు. లోపలి నెట్‌వర్కుకు ఒకటి, బయటికి ఒకటి పెట్టుకున్న సర్వరులో పేర్లు తారుమారైతే కంచె లోపలివైపు, గేటు బయటివైపు అవుతాయి. అందుకని యుడెవ్ అనే భాగం ఒక ఫైలులో రాసిపెట్టుకోవడం మొదలుపెట్టింది. ఫలానా మ్యాక్ నంబరుగల కార్డు పేరు ఈత్0, ఇది శాశ్వతం అని. ఆ ఫైలు పేరులోనే పర్సిస్టెంట్ అనే మాట ఉంది. మంచి ఏర్పాటే.

కానీ కాపీ తీసినప్పుడు ఆ ఫైలు కూడా కాపీ అవుతుంది. కొత్త యంత్రం కళ్ళు తెరిచి చూస్తే, తన ఒంటిమీద ఉన్నది కొత్త నంబరుగల కార్డు. ఫైలులో ఈత్0 అనేది పాత నంబరుకు రిజర్వయి ఉంది. ఆ పాత కార్డు ఈ యంత్రంలో లేదు, ఎప్పటికీ రాదు. అయినా దాని కుర్చీ ఎవరికీ ఇవ్వకూడదు కదా! అందుకని కొత్త కార్డుకు తర్వాతి పేరు ఈత్1 ఇచ్చి, ఆ సంగతి కూడా ఫైలులో చేర్చింది. దాన్ని కాపీ తీస్తే అందులో రెండు కుర్చీలు రిజర్వు, కొత్తది ఈత్2. ఇలా నా మనవలు పుట్టారన్నమాట. నా మిత్రుడు సీనియరు రోల్ నంబరు దించినట్టే, నా సర్వర్లు నాలుగూ అసలు సర్వరు రోల్ నంబరు దించుకున్నాయి. ఈసారి నవ్వడానికి క్లాసు లేకపోవడం నా అదృష్టం.

రోగం తెలిశాక మందు చిన్నదే. నాలుగు కాపీలూ పారేశాం. అసలు సర్వరును భద్రంగా పక్కన పెట్టి, దాన్నుంచి ఒక తల్లి కాపీ తీశాం. తల్లి కాపీలో ఆ పేర్ల ఫైలు చెరిపేశాం. సెట్టింగుల ఫైలులో మ్యాక్ అడ్రసు ఉన్న గీతా, యూయూఐడీ అనే గుర్తింపు గీతా తీసేశాం. అంటే, తాను ఎవరో మరిచిపొమ్మన్నాం. ఇక్కడ కూడా నేనొక పొరపాటు చేశాను. అన్నీ చెరిపాక "సరిగ్గా లేస్తుందో లేదో" అని ఒకసారి దాన్ని మళ్ళీ ఆన్ చేసి చూశాను. చక్కగా లేచింది. లేస్తూనే తన కార్డు నంబరు పక్కన ఈత్0 అని మళ్ళీ రాసుకుంది! దాన్ని కాపీ తీస్తే మళ్ళీ ఈత్1. చెరిపిన వెంటనే ఆపేయాలి. ఇక దాన్ని లేపకూడదు. నిద్రలో ఉండగానే పిల్లల్ని తీయాలి. ఇది తెలిసేసరికి మధ్యాహ్నం రెండయింది. అటెండరుగారు తన ఇంటినుంచి మా ముగ్గురికీ టీ తెచ్చారు.

చివరికి ఒకే తల్లినుంచి నాలుగు కాపీలు తీశాం. నాలుగింట్లోనూ కార్డు పేరు ఈత్0. కంచె పనిచేసింది. మార్కుల ఫైళ్ళకు నాలుగు వేర్వేరు పేర్లు వచ్చాయి. ఈసారి "అంతా ఓకే" అనలేదు. సార్ చేతికి ఏమేం చూశామో రాసిన జాబితా ఇచ్చాను.

కాపీలు అవుతున్నంతసేపూ, తెరమీద శాతాలు పెరుగుతుంటే, నాకు మా ఇల్లు జ్ఞాపకం వచ్చింది. మాది వ్యవసాయం చేసుకునే కుటుంబం. మా తాతయ్య పోయి మూడేళ్ళయింది. నాకు ఆయన పేరే పెట్టారు. ఇంటిపేరు ఎలాగూ ఒకటే కాబట్టి, మా ఇంట్లో ఒకే పేరుతో ఇద్దరం ఉండేవాళ్ళం. నేను ఇంటరులో ఉండగా నా పేరుమీద వచ్చిన స్కాలర్‌షిప్పు కాగితాన్ని తాతయ్య పంట రుణం నోటీసు అనుకుని, భయపడి, పాసుపుస్తకాలతోపాటు ట్రంకుపెట్టెలో దాచేశారు. అది పది రోజులకు బయటపడింది.

మామగారి పేరు మా అమ్మ నోటితో పలకదు. అందుచేత పుట్టినప్పటినుంచీ నన్ను బుజ్జీ అనే పిలుస్తుంది. కన్నతండ్రి పేరు పెట్టి ఒరేయ్ అనలేక నాన్న కూడా అంతే. రిజిస్టరులో ఒక పేరు, ఇంట్లో ఒక పేరు. నాకు ఇరవయ్యేళ్ళు వచ్చాయి, ఇంకా బుజ్జేమిటని సిగ్గుగా ఉండేది. తాతయ్య పోయిన ఏడాది ఒకసారి ఉండబట్టలేక, "ఇప్పుడైనా నా పేరు పెట్టి పిలవొచ్చు కదమ్మా" అన్నాను. అమ్మ చాటలో బియ్యం ఏరుతూ, తలెత్తకుండానే, "అదెలా పిలుస్తానురా, అది మావయ్యగారి పేరు" అంది. మనిషి లేడు. పేరు మాత్రం ఆయనకే ఉంది. నేను ఈత్1నే.

మరైతే మా ఇంట్లో ఇరవయ్యేళ్ళుగా ఏ గొడవా రాకుండా రెండు పేర్లతో బండి నడిచింది, సర్వరులో రెండు రోజులు కూడా నడవలేదెందుకు? ఆలోచిస్తే తేడా ఒక్కటే కనిపించింది. బుజ్జి అంటే ఎవరో ఇంట్లో అందరికీ తెలుసు. పాలేరుకు తెలుసు, పక్కింటివాళ్ళకు తెలుసు, ఊరి పోస్టుమాన్‌కు తెలుసు. తెలియని ఒక్కచోటే, ఆ స్కాలర్‌షిప్పు కాగితం దగ్గరే, పొరపాటు జరిగింది. సర్వరులో నేను పేరు మార్చిన సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఫైర్‌వాల్‌కు చెప్పలేదు, మార్కుల స్క్రిప్టుకు చెప్పలేదు, సార్‌కు కూడా చెప్పలేదు. పేరు మార్చడం కష్టం కాదు. ఆ పేరును నమ్ముకుని పనిచేస్తున్న వాళ్ళందరికీ చెప్పడమే కష్టం. నేను చేసిన తప్పు ఈత్1 అని రాయడం కాదు, రాసి ఊరుకోవడం.

"ఇప్పటి లినక్సుల్లో ఈ బాధ లేదులే" అన్నాడు మా మిత్రుడు, ఇంటికి వెళ్ళే తొందరలో. ఆ మాట సగం నిజం. 2013 జనవరిలో వచ్చిన సిస్టమ్‌డీ 197వ వెర్షనుతో ఒక కొత్త పద్ధతి వచ్చింది. 2014లో రెడ్ హ్యాట్ 7 కూడా ఆ దారే పట్టింది. అందులో కార్డుకు పేరు ముందు కనిపించినదాన్నిబట్టి గానీ, పుట్టుక నంబరునుబట్టి గానీ రాదు. యంత్రంలో అది ఉన్న చోటునుబట్టి వస్తుంది. వర్చువల్‌బాక్సులో మొదటి కార్డు పేరు ఇప్పుడు ఈఎన్‌పీ0ఎస్3. అంటే సున్నా నంబరు బస్సులో మూడో స్లాటు. ఇది పొలానికి సర్వే నంబరు లాంటిది. రైతు మారినా నంబరు మారదు. కాబట్టి అదే వర్చువల్‌బాక్సులో ఎన్ని కాపీలు తీసినా అందరి కార్డు పేరూ ఒకటే. మ్యాక్ నంబరు మారినా ఫరవాలేదు.

కానీ అదే కాపీని ఇంకో కంపెనీ మాయ యంత్రంలో పెట్టి చూడండి. అక్కడ స్లాటు వేరు, పేరు వేరు. వీఎంవేర్‌లో అదే కార్డు ఈఎన్ఎస్33 కావచ్చు. మళ్ళీ సెట్టింగుల ఫైలు లేనివాడిని వెతుక్కుంటూ కూర్చుంటుంది. నిజం యంత్రంలో ఇంకో కార్డు గుచ్చితే బస్సుల నంబర్లు జరిగి పేరు మారవచ్చు, అన్నదమ్ములు పంచుకున్నాక సర్వే నంబరుకు తోకలు వచ్చినట్టు. ఇది చాలదన్నట్టు ఈ కొత్తవాటిలో మెషిన్ ఐడీ అని 32 అక్షరాల గుర్తింపు ఒకటుంది. కాపీతోపాటు అదీ వస్తుంది. కొన్ని లినక్సులు ఐపీ అడ్రసు అడిగేటప్పుడు ఆ గుర్తింపే చూపిస్తాయి. అప్పుడు రెండు కాపీలూ ఒకే మనిషి అనుకుని రెండింటికీ ఒకే అడ్రసు ఇచ్చే ప్రమాదం ఉంది. కాపీ తీసేముందు ఆ ఫైలును ఖాళీ చేస్తే, లేచేటప్పుడు కొత్త గుర్తింపు పుట్టించుకుంటుంది. పేరు వరసనుబట్టి పెట్టినా, పుట్టుకనుబట్టి పెట్టినా, చోటునుబట్టి పెట్టినా, ఒక్కో పద్ధతికీ ఒక్కో బలహీనత ఉంది. కాపీకి తాను ఎవరో మరిపించే పని మాత్రం ఎప్పుడూ మిగిలే ఉంటుంది.

సోమవారం పరీక్ష జరిగింది. ఏ విశేషమూ లేదు. విశేషం లేకపోవడమే విశేషమని లేబులో మా ముగ్గురికీ, అటెండరుగారికీ మాత్రమే తెలుసు. ఇంటర్నెట్ సంగతి చెప్పిన ఆ అమ్మాయి పరీక్ష రాసి వెళ్తూ, "ఇవాళ రాలేదన్నా" అంది నవ్వుతూ. నాకు వచ్చిన మెచ్చుకోలు అదొక్కటే, అదే చాలు.

సార్ తర్వాత నాచేత ఒక కాగితం రాయించి లేబు గోడకు అంటించారు. కాపీ తీసేముందు చేయవలసిన పనులు, వరసగా. ఏయే ఫైళ్ళు చెరపాలి, చెరిపాక ఎందుకు మళ్ళీ ఆన్ చేయకూడదు, కాపీ లేచాక ఏమేం సరిచూడాలి, ఈత్0 అనే పేరు ఎక్కడెక్కడ రాసి ఉంది. అడుగున "నీ పేరు రాయి, రేపు ఎవరికైనా అనుమానం వస్తే అడగాలి కదా" అన్నారు. ఆ మార్కుల సాఫ్టువేరు రాసిన ఆయన ఇలాంటి కాగితం ఒకటి పెట్టి వెళ్ళి ఉంటే నా శనివారం అంత భయంగా గడిచేది కాదు. అందుకని పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా రాశాను. రాస్తుంటే అది తాతయ్య సంతకంలాగే అనిపించింది.

మార్చి తర్వాత మా బ్యాచి వెళ్ళిపోతుంది. జూనియర్లకు ఒక్క మాట. ఆ కాగితాన్ని కళ్ళు మూసుకుని దించకండి. మీ కాలానికి యంత్రాలు మారతాయి, ఫైళ్ళ పేర్లు మారతాయి. చదివి, మీ యంత్రం చూసి, మీ మాటల్లో తిరిగి రాసుకోండి. అడుగున మాత్రం నా పేరు కొట్టేసి మీ పేరు వేయండి. లేకపోతే ఎవరో ఒక లెక్చరరుగారు మొదటి పేజీకి తిప్పి, "నువ్వు పోయినేడే పాసై వెళ్ళిపోయావు కదయ్యా" అంటారు.